అట్టకోట మీద అలకలెందుకు?

"అబ్బే, విఠలాచార్య సినిమాలా ఉందండీ!"

ఈ మాట ఎన్నిసార్లు విని ఉంటారో ఓసారి లెక్కపెట్టుకోండి. పెళ్లిపందిట్లో పొగ వదిలి, ఆ పొగలోంచి పెళ్లికూతుర్ని నడిపించుకొస్తే ఈ మాటే. జరిగిన సంగతికి ఎవరైనా కాస్త ఉప్పూకారం దట్టించి చెబితే ఈ మాటే. ఆఖరికి కొత్త సినిమాలో గ్రాఫిక్సు కుదరకపోయినా సరే, 1999లోనే కన్నుమూసిన ఆ పెద్దమనిషిని పట్టుకొచ్చి బోనులో నిలబెడతారు. ఒక దర్శకుడి పేరు ఇలా ఊతపదంగా, అందులోనూ వెక్కిరింతగా స్థిరపడిపోవటం అన్యాయం కాదుటండీ? ఆ అన్యాయం గురించి నాలుగు మాటలు అనేసి గాని ఊరుకోకూడదని కూర్చున్నాను.

అయితే ముందే చెబుతున్నాను, నా పోట్లాట వెక్కిరించేవాళ్లతో ఒక్కళ్లతోనే కాదు. "పాపం, చిన్న సినిమా కదండీ, ఏదో తీశారు, పోనిద్దురూ" అని జాలిపడిపోయి అన్నీ క్షమించేసే అభిమానులున్నారే, వాళ్లతో కూడా ఉంది. అసలు చెప్పాలంటే వాళ్లతోనే ఎక్కువ.

ముందు వెక్కిరించేవాళ్ల సంగతి తేల్చేద్దాం. వీళ్ల ఫిర్యాదు ఏమిటి? కోటగోడ ఊగింది. రాక్షసుడి కోర ఓ పక్కకి జారింది. గాల్లో ఎగిరే మనిషి వెనకాల తీగ కనపడింది. సముద్రం తొట్టెలోది. ఇంతేనా? ఇంతే. అంటే రాజుగారు నిజం కోటలో కూర్చుంటే తప్ప ఆయనకొచ్చిన కష్టం వీళ్లకి కష్టంలా కనపడదన్నమాట. సరే, ధనమే కావాలంటే ధనం పోసి కూడా చూశారుగా! 'ఆదిపురుష్'ని వందల కోట్లతో తీశారు. 2022 అక్టోబరులో టీజరు వదిలీ వదలగానే ఆ బొమ్మల్ని చూసి దేశమంతా నవ్వింది. 2023 సంక్రాంతికి రావలసిన సినిమాని జూన్ దాకా వాయిదా వేసుకుని మరమ్మతులు చేశారు. అయినా జనం పెదవి విరిచారు.

"మరి 'బాహుబలి' మాటేమిటండీ, అది డబ్బుతో తీసింది కాదూ?" అంటారు మీరు. డబ్బుతోనే తీశారు, నేనూ రెండుసార్లు చూశాను, కాదన్నదెవరు? కానీ 2015లో మొదటి భాగం వచ్చాక, 2017లో రెండోది వచ్చేదాకా, ఊరూవాడా అందరి నోటా నానింది జలపాతం గురించా, ఏనుగు గురించా? "కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?" అన్న ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న తయారుచెయ్యటానికి ఎంత ఖర్చయి ఉంటుందంటారు? ఒక కాగితం, ఒక కలం. విఠలాచార్య దగ్గరా ఉండేవి అవి.

ఆయన మనవాడు కూడా కాదు, కన్నడంవాడు. 1920లో ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టాడు. మైసూరులో డి. శంకర్‌సింగ్‌తో కలిసి మహాత్మా పిక్చర్స్ పేర కన్నడ సినిమాలు తీసి, ఆ తరవాత మద్రాసు వచ్చి తెలుగులో స్థిరపడ్డాడు. మనవాళ్లు 'జానపద బ్రహ్మ' అని బిరుదిచ్చారు. కాంతారావుతో 'గురువును మించిన శిష్యుడు', 'నవగ్రహ పూజా మహిమ', 'జ్వాలాద్వీప రహస్యం', ఎన్.టి.ఆర్.తో 'బందిపోటు', 'అగ్గిపిడుగు', 'చిక్కడు దొరకడు', 'గండికోట రహస్యం' — ఇలా చెప్పుకుంటూ పోతే ఈ పేజీ చాలదు. ఎన్.టి.ఆర్. అంతటివాడు ఆయనతో పదికి పైగా సినిమాలు చేశాడంటే ఊరికే చేశాడా?

ఆయన పొదుపు గురించి సినిమావాళ్లు ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. ఒకే సెట్టు పొద్దున రాజదర్బారుట, పరదాలు మార్చేసరికి మధ్యాహ్నం శత్రురాజు కొలువుట. ఏ నటుడైనా కాల్షీట్ల దగ్గర పేచీ పెడితే ఆ రాత్రికి రాత్రే కథలో మాంత్రికుడొచ్చి ఆ పాత్రని చిలకనో కోతినో చేసేసేవాడుట. చిలక్కి కాల్షీట్ల బాధ లేదు కదా! నిజమో, కల్పనో, ఈ కథ విన్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేబదులు గౌరవమే కలుగుతుంది. మా ఇంట్లో పనిమనిషి రానిరోజున నాక్కూడా ఆ విద్య తెలిస్తే బాగుండును అనిపిస్తుంది. (రాని మనిషిని కాదు లెండి, "అంట్లు తోమలేదేం?" అని అడిగే మనిషిని చిలకని చేద్దామని.)

తక్కువ ఖర్చంటే ఏమిటో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నెలాఖరున చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగుతారు. ఉన్న దోసకాయ పప్పులో వేస్తాం, పెరట్లో నాలుగు గోంగూర రెమ్మలు తుంచుతాం, డబ్బా అడుగున మిగిలిన చల్లమిరపకాయలు వేయిస్తాం, అరిటాకు పరుస్తాం. వచ్చిన చుట్టం "ఆకెందుకమ్మా, వెండికంచాలు లేవూ?" అన్నాడనుకోండి, వాడి మొహం జన్మలో మళ్లీ చూడం. కానీ అదే చుట్టం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "పప్పులో ఉప్పు మరిచావమ్మా" అంటే? నోరెత్తటానికి లేదు. ఉప్పు ఖరీదెంత గనక!

నా వాదమంతా ఈ ఉప్పు దగ్గరే ఉంది. వెండికంచం లేదని అలిగేవాడిది కొవ్వు. ఉప్పు లేకపోయినా "పాపం, నెలాఖరు కదా" అని గుటుక్కున మింగేసేవాడిది మొహమాటం. చవకలో తీసే జానపద సినిమాలకి ఈ రెండు రకాల అభిమానులూ కలిసే చెరుపు చేశారు.

అసలు ఆ రోజుల్లో మాయ అంటే ఎంత చాకిరీయో తెలుసునా? ఒకే నటుడు రెండు వేషాల్లో పక్కపక్కన నిలబడాలి. కెమెరా ముందు సగం మూసేసి, మిగిలిన సగంలో ఆయన్ని నిలబెట్టి తీస్తారు. తరవాత ఫిల్ము వెనక్కి తిప్పి, మూసింది తెరిచి, తెరిచింది మూసి, ఆయన చేత వేషం మార్పించి మళ్లీ అదే ఫిల్ము మీద తీస్తారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలిందా, బొమ్మ నడిమధ్యన గీత. ఇప్పట్లా అక్కడికక్కడే తెరమీద చూసుకుని దిద్దుకునే వీలుందా? ఫిల్ము లేబొరేటరీకి వెళ్లి, కడిగి, అచ్చయి వస్తేగాని పాపమో పుణ్యమో తెలియదు. మాంత్రికుడు మాయమవ్వాలంటే కెమెరా ఆపాలి, అందరూ ఎక్కడివాళ్లక్కడ రాళ్లల్లే నిలబడిపోవాలి, ఆయన ఒక్కడూ పక్కకి తప్పుకోవాలి, మళ్లీ కెమెరా తిప్పాలి. ఈలోపల ఎవరికైనా తుమ్మొచ్చిందా, అయిందే! కథానాయకుడు కోటగోడ మీదికి ఎగిరి దూకాలంటే గోడమీంచి వెనక్కి కిందికి దూకించి, ఆ ఫిల్మును తలకిందులుగా నడిపిస్తారు. ఇవన్నీ మనుషులు కాళ్లతో, చేతులతో, ఊపిరి బిగబట్టి చేసిన మాయలు.

పై దేశాల్లోనూ ఇంతే. 1963లో వచ్చిన 'జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్'లో ఏడు అస్థిపంజరాలు కత్తులు పుచ్చుకుని ముగ్గురు మనుషుల మీదికొచ్చే యుద్ధం ఉంది. రే హ్యారీహాసెన్ అనే ఆయన చిన్న చిన్న బొమ్మల్ని ఇంతింత కదుపుతూ, ఒక్కో కదలికకీ ఒక్కో బొమ్మ తీస్తూ, ఆ కొద్ది నిమిషాల కోసం నాలుగు నెలలకి పైగా కూర్చున్నాడు. దాన్ని చూసి ఇవాళ "ఎముకలు కుదుపుతున్నాయి" అని నవ్వే కుర్రాళ్లని చూస్తే నాకు నిజంగానే ఒళ్లు మండుతుంది.

మొన్నామధ్య మా మనవడు ఫోనులో ఏదో పాత జానపద సినిమా పెట్టుకుని చూస్తూ, ఒకచోట ఆపి, "అమ్మమ్మా, తీగ కనిపిస్తోంది చూడు!" అని నెగ్గినట్టు మొహం పెట్టాడు. "కనిపిస్తుందిరా. మీ తాతయ్యకీ కనిపించింది, నాకూ కనిపించింది, నేల టిక్కెట్టువాడికీ కనిపించింది. ఇంతకీ వాడు రాకుమారిని విడిపిస్తాడా, లేదా? అది చెప్పు" అన్నాను. మళ్లీ పెట్టి కిక్కురుమనకుండా చివరిదాకా చూశాడు.

పాత ప్రేక్షకులు అమాయకులనీ, అందుకే అట్టముక్కలకి మోసపోయారనీ ఒక వాదం ఉంది. అంత తప్పు మాట ఇంకోటి లేదు. సినిమాకి ముందు మనవాళ్లు ఏం చూసేవారు? తోలుబొమ్మలాట చూసేవారు. బొమ్మకి కట్టిన పుల్ల కనపడుతూనే ఉంటుంది. సురభి నాటకాలు చూసేవారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన ఆ కుటుంబాలవాళ్లు 'మాయాబజార్' నాటకంలో రంగస్థలం మీద మనుషుల్ని గాల్లోకి లేపుతారు, నిప్పుల వాన కురిపిస్తారు. ఇప్పటికీ వేస్తున్నారు, వీలైతే వెళ్లండి. (సురభిలో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. తతిమ్మా నాటకాలవాళ్లు మీసాలు గొరిగించుకున్న మగవాళ్లకి చీరలు చుడుతున్న రోజుల్లో సుమండీ.) అక్కడ తీగ కనపడినప్పుడు జనం నవ్వరు, చప్పట్లు కొడతారు. ఎంచేతంటే అది మోసం కాదు, ఒప్పందం. "తీగ సంగతి నేను మరిచిపోతాను, కథ సంగతి నువ్వు మరిచిపోకు." చూసేవాడికీ ఆడేవాడికీ మధ్యన ఉన్న కరారునామా ఇదీ.

ఆ కరారు ప్రకారం అభిమాని ఏమేం అడగొచ్చు? ఇక్కడే చిన్న సినిమాల మీద జాలిపడే పెద్దమనుషులతో నాకు చెడుతుంది. నేను చాలా అడగొచ్చంటాను. గట్టిగా, కాలరు పట్టుకుని అడగొచ్చంటాను.

మొట్టమొదట అడగవలసింది మాయకి ఉండాల్సిన కట్టుబాటు. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. బుర్రకథ విన్న ప్రతి ముసలమ్మకీ ఆ సంగతి తెలుసు. 1942లో జెమినీవారు కాంచనమాలతో సినిమా తీసినా ఆ చిలకని మార్చలేదు. ఎందుకు మార్చలేదు? ఆ చిలక ఉంది కాబట్టే ఫకీరంటే భయం, బాలవర్ధిరాజు ప్రయాణమంటే ఆత్రం. ఆఖరి రీల్లో "పోనిద్దురూ, చిలక దాకా ఎందుకు?" అని బాలవర్ధిరాజు ఫకీరుని పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది చంపేస్తే మీరేమంటారు? చిలకని కాగితంతో చేసినా నాకు సమ్మతమే. కానీ చిలకన్నాక చిలకే.

'పాతాళభైరవి' (1951) చూడండి. అది చవకగా తీసింది కాదనుకోండి, విజయావారి సినిమా, కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లే కెమెరా. అయినా దాని ఊపిరంతా ఒక షరతులో ఉంది. సాహసీ, తెలివైనవాడూ అయిన యువకుణ్ణి బలి ఇస్తే అమ్మవారు కోరిందల్లా ఇచ్చే ప్రతిమనిస్తుంది. ఆ షరతు విన్నప్పుడే మనకి తెలిసిపోయింది, బలి అయ్యేది నేపాళ మాంత్రికుడా, తోటరాముడా అన్నదే కథ అని. రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి ప్రతిమ తెచ్చుకుంటాడు. మరి ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే చెల్లుతుంది కదా? అందుకే మాంత్రికుడు మళ్లీ బతికొచ్చి దాన్ని కాజేయించగానే రాముడి మేడామిద్దే, పెళ్లాం కాబోయే పిల్లా అన్నీ ఎగిరిపోతాయి. న్యాయం తప్పింది ఎక్కడన్నా ఉందా? ఆ న్యాయం రాసింది పింగళి నాగేంద్రరావుగారి కలం. దానికి అద్దెలు, కూలీలు, పెయింట్లు అక్కర్లేదు.

విఠలాచార్యలో నాకు నచ్చిన సినిమాలన్నిట్లోనూ ఈ ఉప్పు ఉంది. 'అగ్గిపిడుగు' (1964)లో కవలలున్నారు. ఒకడికి దెబ్బ తగిలితే ఇంకోడికి నొప్పి. షరతు చిన్నదే గాని, అది ఒకసారి చెప్పాక ప్రతి కత్తియుద్ధంలోనూ మన ప్రాణం రెండుచోట్ల కొట్టుకుంటుంది. మరి ఇదే దర్శకుడు కొన్నిటిలో, ముఖ్యంగా డెబ్బైల చివర, కథ చాలనిచోటల్లా ఒక డాన్సు పెట్టి సరిపెట్టాడు. అదీ చెబుతాను, దాచటం దేనికి? అట్టకోటకి నేను వంక పెట్టను. కథలో ఉన్న చిల్లుకి వేసిన అతుక్కి మాత్రం పెడతాను. ఆ డాన్సులకి ఈలలు వేసినవాళ్లు కూడా అభిమానులే. "మాకిదే కావాలి" అని వాళ్లు అడిగిందే నిర్మాతలు మళ్లీ మళ్లీ వండిపెట్టారు.

మారువేషాల గురించి కూడా ఒక మాట. హీరో బుగ్గన ఇంత పుట్టుమచ్చ పెట్టుకుని, గడ్డం అతికించుకుంటే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. కుర్రకారు దీన్ని పట్టుకుని పొట్టచెక్కలయ్యేట్టు నవ్వుతారు. నాకేం అభ్యంతరం లేదు. అది ఆ లోకపు ఆచారం, మన పెళ్లిళ్లలో అరుంధతి చూపించినట్టు. పట్టపగలు నక్షత్రం ఎవరికి కనపడింది? అయినా అందరం తల పైకెత్తి "ఆఁ, కనిపించింది" అనటం లేదూ?

ఇక మన మాటకొద్దాం, ఆడవాళ్ల మాటకి.

"బడ్జెట్టు లేదండీ" అని అనటం నిర్మాతలకి అలవాటు. ఏనుగులు లేవేం? బడ్జెట్టు లేదు. సరే. సైన్యంలో పన్నెండుమందే ఉన్నారేం? బడ్జెట్టు లేదు. సరే, సరే. మరి రాకుమారికి బుర్ర లేదేం? దానికీ బడ్జెట్టేనా? మాంత్రికుడు ఎత్తుకుపోతే కెవ్వుమని అరవటం, స్తంభానికి కట్టేస్తే ఏడవటం, విడిపిస్తే పాట పాడటం, ఈ మూడు పనులే చేసే రాకుమారి నాకు అట్టకోటకన్నా అట్టగా కనపడుతుంది. బాలనాగమ్మ అలా ఉందా? నోము నెపం పెట్టి, ఆ ఫకీరుగాణ్ణి ఏళ్ల తరబడి గుమ్మం అవతలే నిలబెట్టింది. ఒళ్లో కత్తి లేదు, చేతిలో మంత్రం లేదు. చదువుకోని పల్లెటూరి కథకులు ఆ తెలివి ఆమెకి పైసా ఖర్చు లేకుండా ఇచ్చారు.

'మంగమ్మ శపథం' (1965) ఉంది. జమున మంగమ్మ. పొగరుబోతు రాకుమారుడు అవమానిస్తే, "నీవల్లనే కొడుకుని కని, వాడిచేతనే నిన్ను కొరడాతో కొట్టిస్తాను" అని శపథం పట్టిన ఆడది. తమిళంలో 1943లోనే వచ్చిన కథ అది. విఠలాచార్య తెలుగులో తీశాడు. ఆ శపథం వినగానే హాల్లో ఆడవాళ్ల బెంచీల్లో కదలిక రాకుండా ఉంటుందా? ఇంతటి మాట అనే ఆడమనిషి వంద కోట్ల సినిమాల్లో ఎందర్ని చూశారో చెప్పండి చూద్దాం. వేళ్లు మిగిలిపోతాయి.

దయ్యాలలో అయితే చెప్పనే అక్కర్లేదు. 'జగన్మోహిని' (1978) వచ్చాక మోహిని అంటే జయమాలినే అయిపోయింది గాని, విఠలాచార్య దయ్యాలలో నేను మరిచిపోలేనిది ఇంకోటుంది. కట్టెలకి బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టుకుని వంట చేసుకునే దయ్యం! మగవాళ్లు పగలబడి నవ్వారు, పిల్లలు మన కొంగుల్లో మొహాలు దాచుకున్నారు. పొయ్యి ముందు ఓ పాతికేళ్లు కూర్చున్న ఆడది మాత్రం ఆ బొమ్మ చూసి నవ్వనూలేదు, జడుసుకోనూలేదు. ఆవిడకి అందులో వింతేమీ కనపడి ఉండదు. తడికట్టెలు, పొగ, కంటినీళ్లు, ఆకలని అరిచే ఇంటిల్లిపాదీ — వండేదాని కాళ్లూ చేతులూ కాలుతూనే ఉంటాయి కదా రోజూను! ఆ దర్శకుడు ఇదంతా ఆలోచించి తీశాడని నేననను. ఓ మట్టిపొయ్యీ, కాస్త మంటా, ఒక కనికట్టూ పెట్టి జనాన్ని నవ్విద్దామనే తీసి ఉంటాడు. కానీ అయిదు దశాబ్దాలు కావస్తున్నా అది మనసులో నిలిచిపోయింది. కంప్యూటర్లమీద కోట్లు పోసి చేసిన డ్రాగన్లు మూడో రోజుకి గుర్తుండటం లేదు.

ఇందాక జాలిపడే అభిమానుల్ని వదిలేశాను, మళ్లీ వాళ్ల దగ్గరికొస్తున్నాను. "చిన్న సినిమాని విమర్శిస్తే బతకనిచ్చినట్టేనా?" అంటారు వీళ్లు. బాగుంది. మన పిల్లవాడు పేదింట్లో పుట్టాడని లెక్కల్లో తప్పులు చేస్తే రైటు కొడతామా? రైటు కొట్టే మాస్టరు వాడి మంచి కోరినవాడేనా? జాలిపడి చప్పట్లు కొడితే తరవాతి సినిమా ఇంకా అశ్రద్ధగా వస్తుంది. డబ్బు తక్కువ కాబట్టి ఆలోచన రెట్టింపు కావాలి అని అడిగినప్పుడే మంచివి వచ్చాయి. 1994లో సింగీతం శ్రీనివాసరావు 'భైరవద్వీపం' తీస్తే, అప్పటికి పెద్ద హీరో అయిన బాలకృష్ణ కురూపి వేషంలో మూతి వంకర పెట్టుకుని తెరమీద నిలబడ్డాడు. దానికి కావలసింది గుండె. అభిమానులు మా హీరో అందంగానే ఉండాలని పట్టుబట్టి ఉంటే ఆ సినిమాకి ప్రాణమే లేకపోను.

మొన్న మొన్నటి సంగతే చూడండి. 2024 సంక్రాంతికి పెద్ద హీరోల సినిమాల నడుమ 'హనుమాన్' వచ్చింది. 'ఆదిపురుష్'కి అయిన ఖర్చుతో పోలిస్తే దానికయింది చాలా తక్కువ. జనం పిల్లాజెల్లాతో ఎగబడి చూశారు. అందులో బొమ్మలన్నీ అచ్చుగుద్దినట్టు కుదిరాయని నేను సర్టిఫికెట్టు ఇవ్వను. కానీ అంజనాద్రి అనే ఊళ్లో కోతిచేష్టల కుర్రాడికి మణి దొరుకుతుంది. అది సూర్యుడి వెలుగులోనే పనిచేస్తుంది. చూశారూ, షరతు! ఏడు సముద్రాల అవతలి చిలకకి మనవరాలు ఇది. మధ్యాహ్నం పర్వతాలు ఎత్తగలిగినవాడు సాయంకాలానికి మామూలు కుర్రాడు. తెరమీద పొద్దు గూకుతుంటే ఇక్కడ మన గుండె దడదడలాడుతుంది. సూర్యాస్తమయం ఖరీదెంత? పైగా అందులో అక్క పాత్ర ఉంది, వరలక్ష్మి శరత్‌కుమార్ వేసింది. తమ్ముణ్ణి నాలుగు చీవాట్లు పెట్టటమూ వచ్చు, అవసరమైతే ఒంటిచేత్తో రౌడీలని చావగొట్టటమూ వచ్చు. మా పక్కింటావిడ అయితే ఆ అక్క కోసమే మళ్లీ వెళ్లింది.

వెక్కిరింతల్లో కొట్టుకుపోయే మనిషి ఇంకొకరున్నారు, కాంతారావు. కోదాడ దగ్గర గుడిబండలో పుట్టి, 'కత్తి కాంతారావు'గా ఇంటింటికీ తెలిసినవాడు. ఆ కత్తిపోట్లు కంప్యూటరు చేసినవి కావు, ఆ గుర్రం మీద కూర్చున్నది ఆయనే. సొంతంగా సినిమాలు తీసి ఆస్తులు పోగొట్టుకున్నాడు. 2009లో హైదరాబాదులో కన్నుమూశాడు. జానపదాల మోజు తగ్గగానే చిన్న చిన్న వేషాలకి దిగవలసి వచ్చిన ఆయన్ని చూసి "అయ్యో, అలనాటి రాకుమారుడు" అని నిట్టూర్చినవాళ్లే, టీవీలో ఆయన పాత సినిమా వస్తే "అట్టకత్తి" అని నవ్వారు. మనం కట్టిన టిక్కెట్టు డబ్బులకి ఆయన బాకీ లేడు. ఆయన కత్తి తిప్పటంలో పూచికపుల్లంత లోపం చూపించండి, ఒప్పుకుంటాను. కత్తి దేనితో చేశారన్నది ఆయన్ని అడగవలసిన ప్రశ్న కాదు.

పాత తెలుగు సినిమాలు ఎన్నో ఇవాళ ప్రింట్లు లేకుండా పోయాయి. పెద్ద సంస్థల సినిమాలకి రంగులద్ది మళ్లీ విడుదల చేసేవాళ్లున్నారు, మంచిదే. 'విఠలాచార్య టైపు' అని ఒక మూలకి తోసేసిన రీళ్లని ఎవరు దుమ్ము దులుపుతారు? నవ్వులాటకి పనికొచ్చే ముక్కలు తప్ప తక్కినదంతా ఎవరికీ అక్కర్లేదని మనమే అంటుంటే, డబ్బాల్లో ఉన్నది పుల్లబారి పోతుంది. రేపు మన మనవల మనవలకి ఫోనులో మిగిలేది ఊగే కోటగోడ ఒక్కటే, ముప్ఫై సెకన్ల ముక్క. ఆ గోడ వెనకాల మంగమ్మ ఏమని శపథం పట్టిందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఇప్పుడు కుర్రాళ్లు కొందరు చేతిలో ఉన్న కాసిని డబ్బులతో మళ్లీ మాంత్రికులూ, మణులూ, మాయద్వీపాలూ అంటూ బయల్దేరుతున్నారు. వాళ్లకి మా ఆడవాళ్ల తరఫున నేను చెప్పేది ఇదీ. కోట అట్టతో కట్టుకోండి నాయనా, మేమేం అనుకోం. సముద్రాన్ని తొట్టెలో పోసుకోండి. రాక్షసుడి కోర జారితే మా పిల్లలు నవ్వుతారు, కాస్సేపటికి వాళ్లే ఊరుకుంటారు. చిలక ఎక్కడుందో మాత్రం మొదటి అరగంటలో చెప్పండి, చెప్పినచోటే ఉంచండి. రాకుమారిని మాంత్రికుడు ఎత్తుకుపోతే, ఆ గుహలో పగలంతా ఆవిడ ఏం చేస్తోందో కూడా ఒక్క సీను రాయండి. చేతులు కట్టేసి ఉన్నా సరే, ఆవిడ ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది. మా వారిని అడగండి, చెబుతారు.